చొక్కాలో కోడిపిల్లలు

మా కోడిపిల్లల పెట్టె దారిలో తప్పిపోయింది ఒక సోమవారం. తెల్లవారుతూనే పోస్టాఫీసు నుంచి ఫోను రావాలి. ప్రతి వసంతంలోనూ అలాగే వస్తుంది. "మీ అల్లరిమూక దిగింది. వచ్చి తీసుకుపోండి, నా చెవులు చిల్లులు పడుతున్నాయి" అంటుంది పోస్టుమిస్ట్రెస్ ఇడెల్లా. వెనకవైపు తలుపు తీసి ఉంచుతుంది. ఆ సోమవారం ఫోను రాలేదు.

శనివారం నుంచి మంచు తుఫాను. ఉత్తర డకోటాలో ఏప్రిల్ నెలలో అది వింతేమీ కాదు. రోడ్లు మూసేశారు. గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే హేచరీవాళ్లను అడిగితే పెట్టె తమ దగ్గర బయలుదేరిందన్నారు. ఆ తర్వాత అది ఏ ఊళ్లో, ఏ గోదాములో ఆగిపోయిందో ఎవరికీ తెలియదు.

గుడ్డులోంచి బయటికి వచ్చే ముందు కోడిపిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. ఆ బలంతో రెండు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా బతకగలదు. ఆ ధైర్యంతోనే మా దేశంలో తాతల కాలం నుంచీ కోడిపిల్లల్ని పోస్టులో పంపుతున్నారు. నేను ఐదో తరగతి పిల్లలకు ఏటా ఈ పాఠం చెబుతాను. మూడో రోజు దాటితే ఏమవుతుందన్నది పాఠంలో లేదు.

ఆ పెట్టెను ఏటా తెప్పించేది నా భార్య మార్లిస్. మా బడి వంటగదిలో ఆమె చాలా ఏళ్లు వంట చేసింది. ఊళ్లో ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లందరూ ఆమె చేతి అన్నం తిన్నవాళ్లే. బడిపిల్లలు తినే ముందు గరిటె పట్టుకుని వాళ్ల వరస మొదట్లో నిలబడేది. "చేతులు చూపించు. తిప్పు. ఇంకో వైపు. ఇది చెయ్యా, బంగాళాదుంప తవ్వే పారా? పో, మళ్లీ కడుక్కునిరా" అనేది. కోడిపిల్లలు వచ్చాక వాటిని వెచ్చని దీపం కింద తొట్టిలో పెట్టి నా తరగతి గది మూలన ఉంచేది. పిల్లలు వాటికి పేర్లు పెట్టేవారు. వేసవికి అవి మా పెరట్లో చేరేవి.

ఆమె మూత్రపిండాలు రెండూ పాడైపోయాక ఆమె తమ్ముడు డెల్మర్ తనవాటిలో ఒకటి ఇచ్చాడు. అది కుదురుకుంది. శరీరం దాన్ని పరాయిదని తోసెయ్యకుండా ఆమె రోజూ మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలు ఒంట్లోని కాపలాను నిద్రపుచ్చుతాయి. కోళ్ల దగ్గరికి వెళ్లవద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. కోడిపిల్ల ఎంత ఆరోగ్యంగా కనిపించినా దాని రెట్టలో, ఈకల మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చనీ, మామూలు మనిషికి అది నాలుగు రోజుల విరేచనాలైతే మార్లిస్‌కు ప్రాణం మీదికి రావచ్చనీ చెప్పింది. మార్లిస్ బుద్ధిగా తల ఊపింది. ఇంటికి వచ్చాక ఫిబ్రవరిలో ఎప్పటిలాగే హేచరీకి ఫోను చేసింది.

ఆ విషయం డెల్మర్ ఇంట్లో మేము కాఫీ తాగుతుండగా బయటపడింది.

"ఈ ఏడాది కోడిపిల్లలు వద్దు, మార్లిస్" అన్నాను.

"బడిపిల్లలకేం చెప్తావ్?"

"లేవని చెప్తాను."

"చెప్పు చూద్దాం. ఆ కన్నీళ్లన్నీ నువ్వే తుడవాలి మరి, మాస్టారూ."

డెల్మర్ కప్పు కింద పెట్టాడు. "మార్, ఒక మాట విను. నా కిడ్నీ నీకు దానమివ్వలేదు నేను. కౌలుకిచ్చాను. కౌలు భూమిలో ఏం వెయ్యాలో, ఏం వెయ్యకూడదో నేను చెప్తా."

"కౌలు కట్టట్లేదా నేను? క్రిస్మస్‌కి అన్నన్ని బంగాళాదుంప రొట్టెలు ఎవరు మింగారు?"

"ఆ రొట్టెలకి ఉప్పు తక్కువ."

"ఉప్పు తక్కువైతే పళ్లెం ఎందుకు నాకావ్ రా?"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పిల్లలు డెల్మర్ కొట్టంలోనే పెరుగుతాయి. పోస్టాఫీసుకు అతనే వెళ్తాడు. బడిపిల్లల్ని నేను అక్కడికే బస్సులో తీసుకువెళ్తాను. మార్లిస్ ట్రక్కులో కూర్చుని అద్దంలోంచి చూడవచ్చు. ఆమె ఒప్పుకుంది. మాట ఇచ్చి తప్పే మనిషి కాదు. ఆ ఒప్పందంలో మేము ఆలోచించని సంగతి ఒకటే. పెట్టె ఆలస్యంగా వస్తుందని ఎవరమూ అనుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం పెట్టె వచ్చింది. ఆ తర్వాత జరిగింది నాకు ఇడెల్లా చెప్పింది.

ఆమె ముందు డెల్మర్‌కే ఫోను చేసింది. మళ్లీ మళ్లీ చేసింది. అతను కొట్టంలో ఉన్నాడు. ఈనలేక అవస్థపడుతున్న ఆవు కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి దూడను లాగుతున్నాడు. ఫోను ట్రక్కులో ఉండిపోయింది. నేను తరగతిలో ఉన్నాను. పెట్టెలోంచి చప్పుడు రావడం లేదు. ఇడెల్లా మా ఇంటికి చేసింది.

"వచ్చి పట్టుకుపొమ్మని అన్లేదు, లీలండ్. ఒట్టు" అంది నాతో తర్వాత. "'చప్పుడు లేదు మార్లిస్, డెల్మర్ ఎక్కడున్నాడో కాస్త చూడు' అన్నా. అంతే. ఆవిడ ఫోను పెట్టేసింది."

మార్లిస్ గిన్నెలు తోముకునే పసుపు రబ్బరు తొడుగులు చేతులకు వేసుకుని వచ్చిందట. ఆ మాట రాస్తున్నప్పుడు నాకు ఆమె ముఖం కనిపిస్తుంది. డాక్టరుకిచ్చిన మాట, నాకిచ్చిన మాట, డెల్మర్‌కిచ్చిన మాట, అన్నీ ఆ రెండు తొడుగుల్లో పెట్టుకుని వచ్చింది.

మా ఊళ్లో పెట్టెను పోస్టాఫీసు బల్ల మీదే తెరుస్తారు. చచ్చినవాటిని పోస్టుమిస్ట్రెస్ కళ్లతో చూసి చెబితేనే హేచరీ వాటికి బదులుగా వేరే పిల్లల్ని పంపుతుంది. తెరిచాక బతికున్నవాటిని ఎవరి చేతికి అందితే వాళ్లు చొక్కాలో వేసుకుంటారు. గోధుమలు అమ్మడానికి వచ్చినవాడైనా, ఉత్తరం వెయ్యడానికి వచ్చిన పాస్టరైనా అంతే. ఇంటికి చేరేదాకా ఒంటి వేడే వాటికి దీపం. ఇది తప్పని ఎవరూ మాకు చెప్పలేదు. దయ అనే మాటకు మా ఊళ్లో అర్థం అడిగితే చాలామంది ఇదే చూపిస్తారు.

పెట్టెలో పైనున్నవన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. మూలల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి అణగిపోయి ఉన్నాయి. ఇడెల్లా మూత వెయ్యబోయింది. మార్లిస్ ఆపింది. అడుగు నుంచి సన్నని చప్పుడు వస్తోందంది. చచ్చినవాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. వాటి కింద, వాటి మాటున, కొన్ని ఇంకా కళ్లు మూసి తెరుస్తున్నాయి.

"తొడుగుల్తోనే తీసింది ముందు" అంది ఇడెల్లా. "ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుంది. అది వణుకుతోంది. 'రబ్బరు నా చేతి వేడిని దానికి అందనివ్వట్లేదు, ఇడెల్లా' అంది. తీసేసింది. నేను ఆపలేదు. నా స్వెటర్లో అప్పటికే రెండున్నాయి."

మార్లిస్ ఆ రోజు వేసుకున్నది నా పాత గళ్ల చొక్కా. బొత్తాలు విప్పి పిల్లల్ని లోపల, ఒంటికి ఆనించి పెట్టుకుంది. తల వేలాడేసినవాటిని నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊపిరి ఊదింది. చక్కెర నీళ్లలో వేలు ముంచి ముక్కులు తడిపింది. డెల్మర్ పొలం చాలా దూరం. మా ఇల్లు దగ్గర. మా ఇంటికి తీసుకువచ్చింది.

నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె వంటగదిలో సింకు ముందు నిలబడి ఉంది. దారిలో దెబ్బతిన్న కోడిపిల్లలకు రెట్ట ఎండి వెనక మూసుకుపోతుంది. గోరువెచ్చని నీటిలో గుడ్డ తడిపి మెత్తబరిచి తుడవకపోతే చచ్చిపోతాయి. ఆమె అదే చేస్తోంది. పొయ్యి పక్కన అట్టపెట్టెలో తువ్వాలు, దాని మీద పసుపు ముద్దలు. ఒకటి కుంటుతోంది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"అరవకు" అంది వెనక్కి తిరగకుండానే. "వాటికి చప్పుడు పడదు."

"నేనెప్పుడు అరిచాను?"

"నువ్వు అరవకుండా నిలబడితే ఇంకా భయం నాకు." తర్వాత చేతులు పైకెత్తి చూపించింది. తిప్పి చూపించింది. "కడుక్కున్నా, మాస్టారూ. ప్రతిదాన్ని ముట్టుకున్నాక కడుక్కుంటున్నా. సబ్బుతో."

"డెల్మర్‌ని పిలుస్తాను."

"పిలువు. ఈ ఒక్కదానికీ తుడిచేస్తే అయిపోతుంది."

మేము పోట్లాడుకోలేదు. డెల్మర్ చీకటి పడుతుండగా వచ్చాడు. చొక్కా చేతుల మీద ఆవు రక్తం ఎండిపోయి ఉంది. అట్టపెట్టె వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. "దూడ బతికింది" అన్నాడు. పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. మార్లిస్ స్నానం చేసింది. గళ్ల చొక్కాను వెనక తలుపు కొక్కేనికి తగిలించింది. రేపు ఉతుకుతానంది. అప్పుడే హేచరీకి కూడా ఫోను చేసి చచ్చినవాటి సంగతి చెప్పింది. రోడ్లు బాగుపడ్డాక బదులు పిల్లల్ని పంపుతామన్నారు.

శనివారం ఆమెకు జ్వరం వచ్చింది. ముందు చలి, తర్వాత కడుపునొప్పి, విరేచనాలు. ఆదివారం తెల్లారేసరికి లేచి నిలబడలేకపోయింది. బిస్మార్క్ ఆసుపత్రికి తీసుకువెళ్లాం. దారిలో పొలాల మధ్య మంచు కరిగి నీళ్లు నిలిచి ఉన్నాయి. వలస బాతులు దిగాయి. ఆమె వాటిని చూడలేదు. అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకుంది.

డాక్టరు అడగకముందే మార్లిస్ చెప్పేసింది. "కోడిపిల్లలు. బుధవారం. వెతుక్కుంటూ టైము పాడుచేసుకోకండి."

డాక్టరు ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. రక్తంలోకి పాకిందని రెండో రోజు చెప్పారు. మందులు మార్చారు. కాపలాను నిద్రపుచ్చే మాత్రలు తగ్గిస్తే మూత్రపిండాన్ని శరీరం తోసేస్తుంది. తగ్గించకపోతే రోగం ఆగదు. తగ్గించారు. రోగం కొంత వెనక్కి తగ్గినట్టే కనిపించింది. తర్వాత మూత్రపిండం ఆగిపోయింది. డయాలసిస్ పెట్టినా రోగం మళ్లీ పైకెక్కింది.

డెల్మర్ ఆసుపత్రి నడవాలో టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. డాక్టరు బయటికి రాగానే ఎదురెళ్లాడు.

"నా దగ్గర ఇంకోటుంది కదండీ" అన్నాడు.

"అలా కుదరదు, డెల్మర్."

"నేను సంతకం పెడతా. నాకు తెలిసే ఇస్తున్నానని రాసిస్తా."

"మీరు బతకాలి కదా. అయినా ఆవిడ ఇప్పుడు ఆపరేషను తట్టుకోలేదు."

అతను తల ఊపాడు. టోపీ పెట్టుకున్నాడు, తీశాడు. "మొదటిదే సరిగ్గా పనిచేసింది కదా" అన్నాడు నాతో. "మంచిదే ఇచ్చాను కదా, మాస్టారూ." మంచిదే ఇచ్చావన్నాను.

మార్లిస్ మాట్లాడగలిగిన చివరి మధ్యాహ్నం నేను పక్కనే ఉన్నాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. తడి దూదితో అద్దాను.

"ఎన్ని నిలిచాయి?" అంది.

"పదకొండు."

"ఆ కుంటిది?"

"అదీ ఉంది. అన్నిటికంటే ముందు తింటోందట."

నవ్వినట్టు ముఖం పెట్టింది. తర్వాత, తరగతిలో పిల్లవాడు లెక్క ఎక్కడ తప్పిందో కనుక్కున్నప్పుడు చెప్పినట్టు చెప్పింది. "చేతులు కడుక్కున్నా, లీలండ్. మూతి కడుక్కోలేదు."

మర్నాడు ఉదయం ఆమె పోయింది.

అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. చర్చి కింది గదిలో వంట చేసినవాళ్లు మార్లిస్ దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఉప్పు సరిపోయింది. ఇడెల్లా చివరి వరసలో కూర్చుని, అందరికంటే ముందు లేచి వెళ్లిపోయింది.

తర్వాత జిల్లా ఆరోగ్య శాఖ నర్సు ఒకామె ఇంటికి వచ్చింది. ఇడెల్లాకు కూడా విరేచనాలు వచ్చి మందు లేకుండానే తగ్గిందని ఆమె ద్వారానే తెలిసింది. నర్సు చిన్నది. బహుశా నా పాత విద్యార్థుల వయసు. సింకు, బల్ల, నేల, తలుపు పిడులు బ్లీచింగు నీళ్లతో కడగమంది. గుడ్డలు వేడి నీళ్లలో ఉతకమంది. కోళ్లను వంటింట్లోకి రానివ్వద్దనీ, ముద్దు పెట్టుకోవద్దనీ, ముఖం దగ్గరికి తేవద్దనీ ఊళ్లో అందరికీ చెప్పాలంది.

"అందరికీ తెలిసిందేనండీ అది" అంది వెళ్లబోతూ, కొంచెం ఇబ్బందిగా. "అయినా చెప్పాలి."

"తెలిసిందే" అన్నాను. నిజానికి మార్లిస్‌కు మాకందరికంటే బాగా తెలుసు.

ఆ వారంలోనే ఒక ఉదయం ఫోను మోగింది. ఇడెల్లా. అల్లరిమూక అనలేదు. ఆమె వెనక కోడిపిల్లల అరుపులు గట్టిగా వినిపించాయి. మార్లిస్ అడిగిన బదులు పిల్లలు. ఈ సారి సమయానికి వచ్చాయి.

వెనక తలుపు తీసే ఉంది. పెట్టె బల్ల మీద ఉంది. ఇడెల్లా దానికి దూరంగా గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"వెనక్కి పంపెయ్యనా?" అంది.

"పంపితే ఏమవుతాయో నీకు తెలుసు కదా."

"తెలుసు. అయినా అడుగుతున్నా." ముక్కు తుడుచుకుంది. "నేను ఫోను చెయ్యకుండా ఉండాల్సింది, లీలండ్."

"నువ్వు చెయ్యకపోతే మర్నాడు తెలిసి నీ మీద ఎగిరేది. ఊళ్లో అందరికీ చెప్పేది, చావనిచ్చావని."

"ఎగిరేది" అంది. "నోరు మంచిది కాదు ఆవిడది."

"కాదు."

ఇద్దరం మూత తెరిచి చూశాం. అన్నీ బతికే ఉన్నాయి. ఒక్కటి కూడా చావలేదు. అంతటి అరుపులో ఇడెల్లా ఏడవడం నాకు వినిపించలేదు. చూశాను. చేతులకు తొడుగులు వేసుకుని పెట్టెను ట్రక్కు వెనక, గాలి తగలకుండా గడ్డిమోపుల మధ్య పెట్టుకుని డెల్మర్ దగ్గరికి తీసుకువెళ్లాను.

డెల్మర్ పెట్టె వైపు చూడలేదు. "నాకు వద్దు ఇవి. ఆ పదకొండింటినే చూడలేకపోతున్నా" అన్నాడు. కానీ కొట్టంలో అప్పటికే దీపం వెలుగుతోంది. కొత్త రంపపు పొట్టు పరిచి ఉంది. నీళ్ల పళ్లెంలో, పిల్లలు మునిగిపోకుండా, గులకరాళ్లు వేసి ఉన్నాయి. ఇడెల్లా అతనికి కూడా ఫోను చేసి ఉంటుంది.

మే నెలలో నా తరగతిని బస్సులో అక్కడికి తీసుకువెళ్లాను. తీసుకువెళ్లాలా వద్దా అని చాలా ఆలోచించాను. కోడిపిల్లల్ని చూపిస్తామని బడిపిల్లలకు మాట ఇచ్చింది మార్లిస్, నేను కాదు. అయినా తీసుకువెళ్లాను. పిల్లలు తీగ కంచె బయట వరసగా నిలబడ్డారు. ముట్టుకోకూడదని ముందే చెప్పాను. ఎప్పుడూ గోల చేసే తరగతి ఆ రోజు గుసగుసగా మాట్లాడింది.

"ఆ కుంటిదే కదా సార్, మార్లిస్ ఆంటీది?" అంది కోరా అనే అమ్మాయి.

"అదే."

"దాన్ని ఒక్కసారి ముద్దు పెట్టుకోకూడదా?"

"కూడదు, కోరా."

"ఆంటీ పెట్టుకుంది కదా?"

డెల్మర్ కొట్టం తలుపు దగ్గర నిలబడి నేల వైపు చూస్తున్నాడు. పిల్లలందరూ నా వైపు చూస్తున్నారు. వాళ్లకు అబద్ధం చెప్పకూడదనేది నా వృత్తిలో నేను పెట్టుకున్న ఒకే నియమం.

"నోటి దగ్గర పెట్టుకుంది" అన్నాను. "అది చావకుండా ఊపిరి ఊదింది. అందువల్ల అది బతికింది, ఆమె చనిపోయింది. మీరు అలా చెయ్యకూడదు. జాలి వేసినా చెయ్యకూడదు. జాలి వేస్తే పెద్దవాళ్లను పిలవండి, తొడుగులు తెమ్మనండి, దీపం పెట్టమనండి. అయినా చచ్చిపోతే చచ్చిపోనివ్వండి."

చివరి మాట ఐదో తరగతికి పెద్దది. తెలిసే చెప్పాను. కోరా ఏడవలేదు. కుంటిదాని వైపే చాలాసేపు చూసింది.

బస్సెక్కే ముందు పంపు దగ్గర అందరూ చేతులు కడుక్కున్నారు. చెప్పకుండానే వరసగా నిలబడి నాకు చేతులు చూపించారు. తిప్పి రెండో వైపూ చూపించారు. నేను వరస మొదట్లో నిలబడి చూశాను.

"ముఖం కూడా" అన్నాను. మళ్లీ వెళ్లి ముఖాలు కడుక్కున్నారు.

నర్సు చెప్పినవన్నీ చేశాను. సింకు కడిగాను, బల్ల కడిగాను, నేల కడిగాను. తలుపు పిడులు తుడిచాను. అట్టపెట్టెను, తువ్వాలును, పసుపు తొడుగులను పెరట్లో కాల్చేశాను. వెనక తలుపు కొక్కేనికి తగిలించిన గళ్ల చొక్కాను ఇంకా ఉతకలేదు.